నిప్పు నార్పిన నురుగు

పెట్రోలు మంటపై నీరు చల్లినచో మంట ఆరదు. నీరు అడుగునకు దిగును; మండుచున్న పెట్రోలు పైకి తేలి నలుదెసల ప్రాకును. 1967 జూలై 29వ తేదీన టాంకిన్ సింధుశాఖలో ఫారెస్టల్ అను అమెరికా విమానవాహక నౌకపై ఇట్టి అగ్ని చెలరేగి 134 మందిని బలిగొన్నది. అప్పటికే అమెరికా నౌకాదళ పరిశోధనాలయము త్రీ ఎమ్ కంపెనీ సహకారమున ఒక క్రొత్త నురుగును రూపొందించి యుండెను. ఆ దుర్ఘటన పిమ్మట దాని వాడుక నౌకలకును విమానాశ్రయములకును వ్యాపించెను. అది చమురుపై పలుచని పొరగా పరచుకొని, ఆవిరి పైకి లేవకుండ మూసివేయును. అది కాపాడిన ప్రాణములు తక్కువ కావు.

ఆ నురుగునకు బలము నిచ్చినవి ఫ్లోరిన్, కర్బన పరమాణువులు గట్టిగా పెనవేసికొన్న రసాయనములు. వీనినే పి.ఎఫ్.ఏ.ఎస్. అని వ్యవహరింతురు. ఆ బంధమును ప్రకృతి సులభముగా ఛేదింపజాలదు. నురుగు కంటికి మాయమైనను రసాయనములు నేలలో నింకి భూగర్భ జలమును, దానినుండి మానవుల నెత్తురును చేరును. అచ్చట కొన్ని సగమునకు తగ్గుటకే ఏండ్లు పట్టును.

స్వీడను దేశమున రొన్నెబీ పట్టణ సమీపమున కల్లింగె అను ఊరు కలదు. అచ్చటి వైమానిక స్థావరమున 1980 దశకము నుండి ఈ నురుగుతో అగ్నిమాపక శిక్షణ జరిగెను. 2013 డిసెంబరులో త్రాగునీటిని పరీక్షింపగా ఈ రసాయనములు మిక్కుటముగా కనబడెను. వెంటనే ఆ నీటి సరఫరాను ఆపిరి. కాని ఏండ్ల తరబడి త్రాగిన నీరు అప్పటికే నెత్తురులో కలిసినది. నూరుమందికి పైగా పౌరులు నీటిని సరఫరా చేసిన పురపాలక సంస్థపై దావా వేసిరి.

ప్రశ్న ఒక్కటియే. రోగము పైకి కనబడని మనిషికి హాని కలిగినదనుట ఎట్లు? 2021లో జిల్లా న్యాయస్థానము పౌరుల పక్షము వహించెను. 2022లో అప్పీలు న్యాయస్థానము ఆ తీర్పును త్రోసివేసెను. 2023 డిసెంబరు 5న స్వీడను సర్వోన్నత న్యాయస్థానము, రోగము పొడసూపకున్నను, అపాయకరమైన మోతాదులో ఆ రసాయనములు నెత్తురున నుండుట శరీర హానియే యని తీర్పు చెప్పెను. పరిహార మెంతయను సంగతి ఆ తీర్పులో తేలలేదు. దానికి కొలది దినములకు పూర్వమే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ, ఈ జాతికి చెందిన పి.ఎఫ్.ఓ.ఏ. మానవులకు క్యాన్సర్ కలిగించునని నిర్ణయించి యుండెను.

అమెరికాలో నురుగునకు సంబంధించిన దావాలను 2018 డిసెంబరులో దక్షిణ కెరొలైనా రాష్ట్రమందలి చార్ల్స్‌టన్ న్యాయస్థానమునకు చేర్చిరి. 2023 జూన్‌లో తొలి విచారణ ఆరంభము కానుండగా, త్రీ ఎమ్ కంపెనీ తన బాధ్యతను అంగీకరింపకయే నీటి సరఫరా సంస్థలకు కనీసము 1,030 కోట్ల డాలర్లు చెల్లింప నొప్పుకొనెను. నురుగు గొట్టమును చేతబట్టిన అగ్నిమాపక భటుల వ్యక్తిగత దావాలు ఆ ఒప్పందమున చేరలేదు.

గాయమో రోగమో చూపినగాని హానిని అంగీకరింపకుండుట న్యాయస్థానముల చిరకాల సంప్రదాయము. గాయము లేని హాని కూడ కలదని కల్లింగె వాసులు తమ నెత్తురునే సాక్షిగా నిలిపి నిరూపించిరి. ఇకమీదట ఏ క్రొత్త రసాయనము వచ్చినను, అది చేయు మేలుతోపాటు, పని ముగిసిన పిమ్మట అది ఎచ్చటికి పోవునో కూడ ముందే విచారింపవలసి యున్నది.