పాత బైక్‌కు పెర్ఫార్మెన్స్ కార్బ్యురేటర్: ఎంత సైజు సరిపోతుంది, ట్యూనింగ్ ఎలా చేయాలి?

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డునున్న గార్డెన్ రీచ్ పేరు వింటే చాలామంది తెలుగువారికి ముందు గుర్తొచ్చేది రైల్వే. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. 2003లో తూర్పు కోస్తా రైల్వే ఏర్పడేదాకా విశాఖపట్నంలోని వాల్తేరు డివిజన్ కూడా ఈ కార్యాలయం కిందే ఉండేది. యుద్ధనౌకలు కట్టే గార్డెన్ రీచ్ షిప్‌బిల్డర్స్, నేతాజీ సుభాష్ డాక్, మటియాబుర్జ్ దర్జీల వీధులు కూడా ఈ చుట్టుపక్కలే.

పెద్ద ఓడలకు, రైళ్లకు పేరుపడ్డ ఈ ప్రాంతంలోనూ ఇరుకు సందుల్లో తిరగాలంటే బైకే దిక్కు. వాటిలో కార్బ్యురేటర్‌తో నడిచే పాత బండ్లు ఇంకా ఉన్నాయి. యమహా ఆర్‌ఎక్స్ 100, పాత బుల్లెట్, స్ప్లెండర్ లాంటి బండ్లను వదులుకోలేని వాళ్లు విజయవాడ ఆటోనగర్‌లోనైనా, కోల్‌కతా మల్లిక్ బజార్‌లోనైనా అడిగే ప్రశ్న ఒకటే: 'పెద్ద కార్బ్యురేటర్ వేస్తే పికప్ పెరుగుతుందా?'

పెరగొచ్చు. కానీ సైజు తప్పితే ఉన్న పికప్ కూడా పోతుంది. జెట్ తప్పితే పిస్టన్ పట్టేసి ఇంజన్ బోర్ చేయించాల్సి వస్తుంది. పైగా ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్ కూడా ఆ బండ్లు తయారైన నాటి పెట్రోల్ కాదు.

కార్బ్యురేటర్ చేసే పని ఏమిటి?

గాలి, పెట్రోల్ తగిన పాళ్లలో కలిపి ఇంజన్‌కు అందించడమే కార్బ్యురేటర్ పని. గొట్టం మధ్యలో సన్నబడిన చోట గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. ఆ తక్కువ పీడనమే కింద ఫ్లోట్ గిన్నెలోని పెట్రోల్‌ను జెట్ గుండా పైకి లాగుతుంది. సన్నబడిన ఆ భాగాన్ని ఇటలీ శాస్త్రవేత్త వెంచురి పేరుతో పిలుస్తారు.

పెట్రోల్ పూర్తిగా మండాలంటే 1 కిలో పెట్రోల్‌కు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గరిష్ఠ శక్తి కోసం మిశ్రమం ఇంకాస్త చిక్కగా, అంటే 12.5 నుంచి 13 కిలోల గాలికి 1 కిలో పెట్రోల్ చొప్పున ఉండాలి. పెట్రోల్ తక్కువైతే మిశ్రమం పల్చబడుతుంది (లీన్), ఇంజన్ వేడెక్కుతుంది. ఎక్కువైతే చిక్కబడుతుంది (రిచ్), పొగ వస్తుంది, మైలేజీ పడిపోతుంది. ట్యూనింగ్ అంటే ఈ రెండింటి మధ్య సరైన చోటును ప్రతి థ్రాటిల్ దశలోనూ వెతకడమే.

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 ప్రమాణాలు వచ్చాక మన దేశంలో కొత్త బైక్‌ల నుంచి కార్బ్యురేటర్ దాదాపు తప్పుకుంది. దాని స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. అంటే ఇప్పుడు కార్బ్యురేటర్ మార్చడం పూర్తిగా పాత బండ్ల వ్యవహారం. నది మీద తిరిగే మోటారు పడవలకు ఈ లెక్కలు వర్తించవు. వాటిలో ఎక్కువ వాటికి డీజిల్ ఇంజన్లు ఉంటాయి, డీజిల్ ఇంజన్‌కు కార్బ్యురేటర్ ఉండదు.

ఎంత సైజు?

'పెర్ఫార్మెన్స్' అని రాసి ఉన్న పెట్టెలో సాధారణంగా ఉండేది వెంచురి వ్యాసం పెద్దదైన కార్బ్యురేటర్. ఎంత పెద్దది కావాలో తేల్చడానికి ట్యూనర్లు చాలాకాలంగా వాడుతున్న ఒక సులువైన లెక్క ఉంది. ఇంజన్ సామర్థ్యాన్ని లీటర్లలో తీసుకుని, గరిష్ఠ శక్తి ఇచ్చే ఆర్‌పీఎంతో గుణించాలి. దాని వర్గమూలాన్ని 0.65 నుంచి 0.9 మధ్య ఉన్న అంకెతో గుణిస్తే సింగిల్ సిలిండర్ ఇంజన్‌కు తగిన వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది.

ఆర్‌ఎక్స్ 100నే చూద్దాం. దాని సామర్థ్యం 98 సీసీ, అంటే 0.098 లీటర్లు. గరిష్ఠ శక్తి 7,500 ఆర్‌పీఎం దగ్గర. రెండూ గుణిస్తే 735, దాని వర్గమూలం సుమారు 27. దాన్ని 0.65తో గుణిస్తే 17.6 మి.మీ., 0.9తో గుణిస్తే 24.4 మి.మీ. కంపెనీ బిగించిన మికుని కార్బ్యురేటర్ 20 మి.మీ. అంటే పోర్టులు, సైలెన్సర్ మార్చని ఇంజన్‌కు 22 దాకా, బాగా పనిచేయించిన ఇంజన్‌కు 24 దాకా వెళ్లడంలో అర్థముంది.

చాలామంది మోజుపడే 28 మి.మీ. సంగతేమిటి? 20తో పోలిస్తే 28 మి.మీ. రంధ్రం వైశాల్యం దాదాపు రెట్టింపు. అంతే గాలి రెట్టింపు దారిలో పోతే దాని వేగం సగానికి పడిపోతుంది. వేగం లేకపోతే పెట్రోల్‌ను లాగే శక్తి ఉండదు. దాంతో సిగ్నల్ దగ్గర కదిలేటప్పుడు బండి మిస్సింగ్ ఇస్తుంది, పై ఆర్‌పీఎంలో మాత్రమే లేస్తుంది. లారీలు, ఆటోలతో నిండిన గార్డెన్ రీచ్ రోడ్డు మీద గానీ, హైదరాబాద్ ట్రాఫిక్‌లో గానీ ఆ పై ఆర్‌పీఎం అందేది అరుదు.

ఇంకో సంగతి. ఎయిర్ ఫిల్టర్, పోర్టులు, సైలెన్సర్ గాలిని ఎంత పోనిస్తే ఇంజన్ అంతే పీల్చగలదు. మిగతావన్నీ పాతవే ఉంచి కార్బ్యురేటర్ ఒక్కటే మారిస్తే లాభం స్వల్పం. ఉన్న కార్బ్యురేటర్‌నే విప్పి శుభ్రం చేసి, అరిగిన నీడిల్, నీడిల్ జెట్, స్లైడ్ మారిస్తే తేడా ఎక్కువగా కనిపించే సందర్భాలు చాలా ఉంటాయి.

కొనేటప్పుడు ఏం చూడాలి?

* రకం: మికుని వీఎం లాంటి గుండ్రటి స్లైడ్ కార్బ్యురేటర్ సెట్ చేయడం సులువు, జెట్లు తేలిగ్గా దొరుకుతాయి. కెయిహిన్ పీడబ్ల్యూకే లాంటి రకాలు థ్రాటిల్‌కు చురుగ్గా స్పందిస్తాయి, కానీ సెట్టింగ్‌లో ఓపిక కావాలి.
* అసలుదా, నకిలీదా: ఈ రెండు పేర్లతోనూ నకిలీలు విరివిగా అమ్ముడవుతాయి. అచ్చు గరుకుగా ఉన్నా, స్లైడ్ వదులుగా ఆడినా, జెట్ మీద అంకె స్పష్టంగా లేకపోయినా అనుమానించాలి. రంధ్రం కొలత సరిగా లేని జెట్‌తో ఎంత ట్యూన్ చేసినా ఫలితం ఉండదు.
* జెట్ అంకెలు: ఒక కంపెనీ 100 నంబర్ జెట్, ఇంకో కంపెనీ 100 నంబర్ జెట్ ఒకటి కావు. కొందరు రంధ్రం వ్యాసాన్ని, కొందరు పెట్రోల్ ప్రవాహాన్ని బట్టి అంకె వేస్తారు. జెట్లు ఒకే కంపెనీవి వాడాలి.
* బిగింపు: ఇంజన్ వైపు రబ్బరు మానిఫోల్డ్, ఫిల్టర్ వైపు గొట్టం, థ్రాటిల్ కేబుల్ మూడూ సరిపోవాలి.

ట్యూనింగ్‌కు ముందు

కార్బ్యురేటర్ తప్పుగా కనిపించే సమస్యల్లో చాలావాటికి కారణం వేరే ఉంటుంది. ముందు ఎయిర్ ఫిల్టర్, స్పార్క్ ప్లగ్, ఇగ్నిషన్ టైమింగ్ సరిచూసుకోవాలి. మానిఫోల్డ్ రబ్బరు పగిలి గాలి లాగుతుంటే ఏ జెట్ వేసినా మిశ్రమం పల్చగానే ఉంటుంది. ఫ్లోట్ ఎత్తు కంపెనీ చెప్పిన కొలతకు ఉండాలి. గిన్నెలో పెట్రోల్ మట్టం పెరిగితే అన్ని దశల్లోనూ మిశ్రమం చిక్కబడుతుంది.

వానాకాలంలో కోల్‌కతా వీధుల్లో నీళ్లు నిలవడం మామూలే. అలాంటి నీళ్లలో బండి నడిపాక మొరాయిస్తే, జెట్ల జోలికి వెళ్లకముందే గిన్నె అడుగున ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి నీరు చేరిందేమో చూడాలి.

ఏ థ్రాటిల్‌కు ఏ భాగం?

థ్రాటిల్ ఎంత తిప్పారన్న దాన్ని బట్టి కార్బ్యురేటర్‌లో ఒక్కో భాగం పనిచేస్తుంది. ఐడిల్ నుంచి ఎనిమిదో వంతు దాకా స్లో జెట్, దాని స్క్రూ. ఎనిమిదో వంతు నుంచి పావు దాకా స్లైడ్ అడుగున ఉండే కోత. పావు నుంచి ముప్పావు దాకా నీడిల్. ముప్పావు నుంచి పూర్తిగా తిప్పేదాకా మెయిన్ జెట్. వీటి హద్దులు కొంత ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. గ్రిప్ మీద, దాని పక్కన టేపు అంటించి పావు, అర, ముప్పావు గుర్తులు పెట్టుకుంటే లోపం ఏ దశలో ఉందో స్పష్టంగా తెలుస్తుంది.

ఒకసారి ఒక్కటే మార్చాలి, మార్చిన ప్రతిదీ రాసిపెట్టుకోవాలి. ఇంజన్ బాగా వేడెక్కాకే పరీక్షించాలి.

1. మెయిన్ జెట్: చిన్నది కాకుండా కాస్త పెద్ద జెట్‌తో మొదలుపెట్టి తగ్గించుకుంటూ రావాలి. చిక్కటి మిశ్రమంతో ప్లగ్ నల్లబడుతుందంతే, పల్చటి మిశ్రమంతో ఇంజనే పోతుంది. పూర్తి థ్రాటిల్‌లో కొద్దిదూరం నడిపి, క్లచ్ పట్టి, ఇంజన్ ఆపి, ప్లగ్ విప్పి చూడాలి. లేత గోధుమ రంగు ఉంటే సరైనది, తెల్లగా ఉంటే లీన్, నల్లటి మసి ఉంటే రిచ్. ఇది మూసి ఉన్న ట్రాక్ మీదే తప్ప రోడ్డు మీద చేయదగ్గ పరీక్ష కాదు.
2. స్లో జెట్: స్క్రూను నెమ్మదిగా పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్లు వదలాలి. ఇంజన్ వేగంగా, నిలకడగా తిరిగే చోటు దాకా అటూ ఇటూ తిప్పాలి. స్క్రూ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలి స్క్రూ, వదిలితే మిశ్రమం పల్చబడుతుంది. ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోల్ స్క్రూ, వదిలితే చిక్కబడుతుంది. గాలి స్క్రూ 1 చుట్టు లోపే సరిపోతే స్లో జెట్ చిన్నదని, రెండున్నర దాటితే పెద్దదని అర్థం. పెట్రోల్ స్క్రూకు ఇది తిరగబడుతుంది.
3. నీడిల్: సగం థ్రాటిల్‌లో బండి గుంజుతుంటే నీడిల్ క్లిప్ చూడాలి. క్లిప్‌ను ఒక గాడి కిందికి మారిస్తే నీడిల్ పైకి లేచి పెట్రోల్ పెరుగుతుంది. పైకి మారిస్తే తగ్గుతుంది.

ఏ దశలోనైనా అనుమానమొస్తే చోక్ కాస్త లాగి చూడాలి. ఇంజన్ మెరుగుపడితే అక్కడ పెట్రోల్ చాలడం లేదు. ఇంకా మొరాయిస్తే ఎక్కువైంది.

టూ-స్ట్రోక్ వాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. పెట్రోల్‌లో ఆయిల్ కలిపి వాడే ఇంజన్లలో ఆయిల్ పాలు పెంచితే జెట్ గుండా వచ్చే పెట్రోల్ ఆ మేరకు తగ్గుతుంది. అంటే మిశ్రమం లీన్ అవుతుంది.

వాతావరణం, ఎత్తు, ఈ20

గార్డెన్ రీచ్ దాదాపు సముద్ర మట్టంలోనే ఉంది. గాలి చల్లగా ఉన్నప్పుడు సాంద్రత ఎక్కువ. 15 డిగ్రీల చలి నుంచి 38 డిగ్రీల ఎండకు గాలి సాంద్రత సుమారు 7 శాతం తగ్గుతుంది. 35 డిగ్రీల వేడిలో 80 శాతం తేమ ఉంటే, గాలిలో 4 శాతానికి పైగా నీటి ఆవిరే ఉంటుంది, ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. అందుకే జనవరిలో చక్కగా సెట్ చేసిన బండి మే నెలలో కాస్త రిచ్‌గా నడుస్తుంది. మే నెలలో అంచుదాకా పల్చన చేసిన బండి జనవరిలో ప్రమాదంలో పడుతుంది. కొండ మీదికి పోతే గాలి పల్చబడి మిశ్రమం చిక్కబడుతుంది. 2,000 మీటర్ల పైన ఉన్న డార్జిలింగ్‌లో గాలి సాంద్రత సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు అయిదో వంతు తక్కువ.

ఇప్పుడు వీటన్నిటికన్నా పెద్ద మార్పు 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్. ప్రధాని నరేంద్ర మోదీ 2023 ఫిబ్రవరిలో దీని అమ్మకాలను ప్రారంభించారు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి 1 కిలో ఇథనాల్ మండడానికి 9 కిలోల గాలి చాలు. ఆ లెక్కన ఈ20కి కావాల్సిన గాలి 14.7 కాదు, సుమారు 13.5 కిలోలే. మామూలు పెట్రోల్‌కు సెట్ చేసిన కార్బ్యురేటర్‌లో ఈ20 పోస్తే మిశ్రమం 8 శాతం దాకా పల్చబడుతుందన్నమాట. ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో సెన్సర్ సాయంతో కంప్యూటర్ దీన్ని సరిచేసుకోగలదు. కార్బ్యురేటర్‌కు ఆ తెలివి లేదు, మనిషే సరిచేయాలి. మెయిన్ జెట్ ఒకటి రెండు సైజులు పెంచాలా, నీడిల్ ఒక గాడి లేపాలా అన్నది ప్లగ్ రంగు చూసి తేల్చుకోవాలి.

ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు భాగాలను పాడుచేయగలదు. వారాల తరబడి బండి కదపకపోతే గిన్నె ఖాళీ చేసి ఉంచడం మంచిది.

చట్టం ఏమంటోంది?

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు చెప్పిన ప్రమాణాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పులకు ఒక్కో దానికి 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ విధించే వీలును 2019 సవరణ కల్పించింది. కార్బ్యురేటర్ మార్చినా పొల్యూషన్ పరీక్ష దాటాల్సిందే. 2000 మార్చి ఆఖరు దాకా తయారైన పెట్రోల్ బైక్‌ల పొగలో కార్బన్ మోనాక్సైడ్ 4.5 శాతం మించకూడదు, ఆ తర్వాతి పాత బండ్లలో చాలావాటికి ఇది 3.5 శాతం.

కోల్‌కతాకు ఈ విషయంలో అనుభవం ఉంది. పాత వాణిజ్య వాహనాలపై 2008లో కలకత్తా హైకోర్టు ఇచ్చిన ఆదేశాల తర్వాత, 2009లో నగర వీధుల నుంచి టూ-స్ట్రోక్ ఆటోలు తప్పుకుని ఎల్‌పీజీ ఫోర్-స్ట్రోక్ ఆటోలు వచ్చాయి. 15 ఏళ్లు దాటిన బండి ఉన్నవాళ్లు కార్బ్యురేటర్ మీద డబ్బు పెట్టేముందు రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా ఉందో, రెన్యువల్ అవుతుందో లేదో ఆర్‌టీఓ కార్యాలయంలో కనుక్కోవడం మేలు.

మొత్తం మీద రోజూ ఊళ్లో తిరిగే బండికి కంపెనీ ఇచ్చిన సైజునే ఉంచి, భాగాలు కొత్తవి వేసి, ఈ20కి తగ్గట్టు జెట్ మార్చుకుంటే చాలు. ఇంజన్ పని చేయించి ట్రాక్ మీద నడిపే బండికే పెద్ద కార్బ్యురేటర్ ఖర్చు గిట్టుబాటవుతుంది.