కైవారం కీర్తనలు, గాయకుని ఏకాగ్రత

చిక్కబళ్లాపురం జిల్లా చింతామణి తాలూకాలోని కైవారంలో 1726 నుంచి 1836 వరకు జీవించారని సంప్రదాయం చెప్పే యోగి నారేయణ, ఆ సీమవాసులు భక్తితో తాతయ్య అని పిలుచుకొనే సంతకవి, గాజులమ్మే వృత్తిని విడిచి నాదోపాసనకు, అంటే స్వరాన్నే ధ్యానసాధనంగా చేసుకొనే మార్గానికి వచ్చినవారు. గురువైన పరదేశిస్వామి ఒక గులకరాయిని నోట ఉంచుకొని, అది కలకండగా మారేదాకా ఎనిమిదక్షరాల నారాయణ మంత్రమైన అష్టాక్షరిని జపించమని ఆదేశించగా, ఆయన సమీపంలోని గుట్ట గుహలో తపస్సు చేశారని ఐతిహ్యం. ఇది చారిత్రక ప్రమాణం కాకపోయినా గాయకుని ఏకాగ్రతకు ఇంతకంటె చక్కని వివరణ అరుదు. నోటిలోని రాయి వృథా సంభాషణను ఆపుతుంది, జపం శ్వాసను క్రమపరుస్తుంది, ఫలం కోసం తొందరపడే మనస్సు క్రమంగా లెక్క మరచి నామం మీదనే నిలుస్తుంది.

తెలుగులోనూ కన్నడంలోనూ ఆయన రచించిన కీర్తనల్లో అమరనారేయణ అంకితం, అనగా కవి తన ఇష్టదైవం పేరును చరణంలో నిలిపే ముద్ర, కనిపిస్తుంది. శ్రోతల మెప్పు వైపు మళ్లబోయే గాయకుని మనస్సును అది మళ్లీ దైవం వైపు తిప్పుతుంది. బాగేపల్లి వంటి తెలుగు వినిపించే తాలూకాలకు ఈ కీర్తనలు సొంత మాటలోనే అందడం వల్ల అర్థం కోసం ఆగవలసిన పని లేక, భజనలో ఒకరు ఎత్తుకొన్న పల్లవిని తక్కినవారు శ్రుతి చెదరకుండా అందుకోగలరు.

గురుపూర్ణిమకు కైవారంలో జరిగే సంగీతోత్సవంలో గానం 72 గంటలు ఎడతెగక సాగుతుంది. అర్ధరాత్రి దాటాక వేదిక ఎక్కే విద్వాంసునికి నిండు సభ ఇచ్చే ఉత్సాహం అందకపోయినా, వెనుక మోగే తంబుర శ్రుతి ఒక్కటే చాలినంత ఆధారమవుతుంది.