ఉన్నత పాఠశాలలలో వ్యాపార నిర్వహణ విద్య: పూర్వాపరములు

వ్యాపారము కొట్టులో నేర్చుకొనవలసినదే గాని బడిలో నేర్పదగినది కాదను అభిప్రాయము మన పెద్దలలో చిరకాలముగా పాతుకొనియున్నది. వర్తకుని కుమారుడు తండ్రి ప్రక్కన గల్లాపెట్టె చెంత కూర్చుండి తూకము, బేరము, అరువు, వసూలు అన్నియు కంటితో చూచియే నేర్చుకొనును. అతనికి బడితో అంతగా పని లేదు. కాని తండ్రికి కొట్టు లేని పిల్లవాని గతి యేమి? రైతు బిడ్డ, మగ్గము నేయువాని బిడ్డ, కూలివాని బిడ్డ ఒక సంస్థను నడుపు నేర్పును ఎక్కడ సంపాదింపవలెను? ఈ ప్రశ్నకు బడి సమాధానము చెప్పుటకు నూరేండ్లకు పైగా పట్టినది. చెప్పిన సమాధానమైనను సగమే.

మొదట మన వీధిబడిని స్మరించుట న్యాయము. 1822లో చెన్నపట్నము గవర్నరు సర్ తామస్ మన్రో మద్రాసు రాజధానిలోని దేశీయ పాఠశాలల వివరములను పంపవలసినదని కలెక్టర్లను ఆజ్ఞాపించెను. బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంబెల్ 1823లో వ్రాసి పంపిన నివేదిక వానిలో ప్రసిద్ధమైనది. ఈ కాంబెల్ తెలుగు భాషకు ఇంగ్లీషున ఒక వ్యాకరణమును 1816లో ప్రకటించినవాడు; కనుక మన బడులను చూచిన కన్ను కేవలము అధికారి కన్ను కాదు. తెలుగు, కన్నడములు రెండును వాడుకలో నున్న ఆ జిల్లాలో నాడు 533 పాఠశాలలును, వానిలో 6,641 మంది విద్యార్థులును ఉండిరి. పిల్లలు అయిదవ యేట బడిలో చేరి ఇసుకపై అక్షరములు దిద్దుచుండిరి. సంకలన వ్యవకలనములు, గుణకారము, నాణెముల కొలతల మార్పులు నేర్చినపిమ్మట భిన్నముల వంతు వచ్చెడిది. ఆ భిన్నములు పదేసి చొప్పున గాక నాలుగేసి చొప్పున దిగుచుండెను. కాలు, కాలులో కాలు వీసము, వీసములో కాలు కాని. వీనిని, ఎక్కములను, తూనికల కొలతల పట్టికలను పిల్లలు దినమునకు రెండుమారులు వరుసలుగా నిలువబడి, పెద్ద విద్యార్థి చెప్పగా గొంతెత్తి వల్లించుచుండిరి.

అంతకంటె గమనింపదగిన విషయము మరియొకటి కలదు. పలువురి చేవ్రాతలలోనున్న కాగితములను చదువుట, మామూలు ఉత్తరములు వ్రాయుట, ఒడంబడిక పత్రములు తయారుచేయుట కూడ ఆ బడులలో నేర్పుచుండిరి. నేటి మాటలో చెప్పవలెనన్న ఇది వ్యాపార వ్యవహార పాఠమే. కాంబెల్ ఒక లోపమును మాత్రము గట్టిగా ఎత్తిచూపెను. పిల్లలు పద్యములను అర్థము తెలియకయే చిలుకలవలె అప్పగించుచున్నారనియు, అట్టి చదువు వలన లాభము స్వల్పమనియు అతని ఫిర్యాదు. లెక్కలు, ఉత్తరములు మరునాడే ఇంటిలో, సంతలో పనికివచ్చునవి గనుక ఒంటబట్టినవి. పనిలోనికి రానిది నాలుక చివరనే నిలిచిపోయినది. ఈ సంగతి చివర మరల ప్రస్తావనకు వచ్చును.

ఇంగ్లీషు చదువు వ్యాపించిన కొలదియు ఈ వ్యవహార భాగము వెనుకబడెను. వర్తక విద్యకై ప్రత్యేకముగా వెలసిన తొలి పాఠశాల 1886లో చెన్నపట్నముననే, పచ్చయప్ప ధర్మనిధి పాలకులచే స్థాపింపబడెను. 18వ శతాబ్దమున తెల్లదొరలకు దుబాసీగా ఉండి ధనమార్జించిన పచ్చయప్ప మొదలారి 1794లో మరణించెను. వర్తకమున వచ్చిన ధనము వర్తక విద్యకు చేరుట సముచితముగనే ఉన్నది. 1913లో బొంబాయిలో సిడెన్‌హాం వాణిజ్య కళాశాల వెలసెను. మన జిల్లా పట్టణములలో టైపురైటింగు, షార్టుహాండు నేర్పు శాలలు క్రమముగా పుట్టినవి. ఎన్నియో కుటుంబములు ఆ టైపు మిషను పుణ్యమున అన్నము తిన్నవి. దానిని చిన్నచూపు చూడరాదు. అయినను ఈ విద్య అంతయు ఒకని లెక్క మరియొకడు వ్రాయుటకు, ఒకడు చెప్పగా మరియొకడు వ్రాసికొనుటకు ఏర్పడినదే. చెప్పువాడు ఎట్లు తయారగునో ఎవరును విచారింపలేదు.

ఆ విచారణ చేసినవాడు ఉపాధ్యాయుడు కాడు, వర్తకుడును కాడు. ఫ్రాన్సు దేశమున బొగ్గుగనుల ఇంజనీరుగా జీవితమారంభించిన హెన్రీ ఫేయోల్. 1841లో జన్మించి, 1860లో కొమాంత్రీ గనులలో ఉద్యోగమున చేరెను. చేరిన కొలదికాలమునకే జరిగిన ఒక చిన్న సంఘటనను ఆయన జీవితాంతము మరువలేదు. గనిలో ఆరవ అంతస్తున బండి లాగు గుఱ్ఱమునకు ఒక ఉదయము కాలు విరిగెను. మరియొక గుఱ్ఱమునిమ్మని ఫేయోల్ చీటి వ్రాసి పంపెను. చీటిపై డైరెక్టరు సంతకము లేదని గుఱ్ఱపుసాలవాడు నిరాకరించెను. డైరెక్టరు ఊరిలో లేడు. ఆయన బదులు సంతకము చేయుటకు ఎవరును నియమింపబడలేదు. ఎంత బతిమాలినను సాలవాడు వినలేదు. సాలలో గుఱ్ఱములున్నవి, గనిలో బొగ్గున్నది, పనివారున్నారు. ఆ అంతస్తున ఆనాటి పని మాత్రము పోయినది.

సాలవానిని తప్పుపట్టుట సులభమే. కాని వానికిచ్చిన ఆజ్ఞ అట్టిది. లోపము మనిషిలో గాక ఏర్పాటులో ఉన్నదని గ్రహించుటలోనే ఫేయోల్ బుద్ధివిశేషము కనబడుచున్నది. 1888లో ఆ కంపెనీ దివాలా అంచున నున్నప్పుడు నిర్వహణభారము ఆయనకే అప్పగింపబడెను. దానిని నిలువబెట్టి, 1918 వరకు నడిపి, విశ్రాంతి గైకొనెను. ఈ నడుమ 1916లో తన అనుభవసారమును ప్రకటించెను. ముందుచూపుతో యోచించుట, ఏర్పాటుచేయుట, ఆజ్ఞాపించుట, పనులను పొందుపరచుట, అదుపున నుంచుట అను అయిదు పనులను కలిపి ఆయన నిర్వహణమనెను. ఒక్కొక్క ఉద్యోగికి ఏయే సామర్థ్యము ఎంతెంత కావలెనో తన అంచనా ప్రకారము ఒక పట్టికయు కూర్చెను. అందు సామాన్య కార్మికునికి పనితనము 85 పాళ్లు. అయినను నిర్వహణకు 5 పాళ్లు కేటాయించినాడు. సున్న వేయలేదు. ఆ 5 పాళ్లలోనే ఆయన హృదయమంతయు ఉన్నది.

ఏలయన, నిర్వహణమనునది యజమాని ఒక్కని సొత్తు కాదనియు, ఇల్లు నడుపుటకు సైతము అది కావలసినదే గనుక ప్రాథమిక పాఠశాలలో కొంత, ఆపై తరగతులలో మరికొంత, ఉన్నత విద్యాసంస్థలలో విపులముగా నేర్పవలెననియు ఆయన వాదించెను. అంతవరకు నేర్పకపోవుటకు కారణము సిద్ధాంతము లేకపోవుటయే యనెను. తన దేశపు ఇంజనీరింగు కళాశాలలు గణితమునకిచ్చు అతిప్రాధాన్యమును నిరసించుచు, సంస్థలను నడుపువారికి త్రైరాశికము చాలునని ఆయన వ్రాసిన మాటను మన వీధిబడి పంతుళ్లు వినియుండినచో ఎంతో సంతోషించియుందురు.

తెలుగున ఈ శాస్త్రమును కొందరు యాజమాన్యమనియు, కొందరు నిర్వహణమనియు వ్యవహరించుచున్నారు. రెండవ మాటయే మేలు. మొదటిదానిలో యజమాని దూరి కూర్చున్నాడు.

మన దేశమున ఈ విద్య ఫేయోల్ చెప్పినదానికి తలక్రిందుగా, శిఖరము నుండి ప్రారంభమైనది. 1956లో హైదరాబాదున స్థాపింపబడిన అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి అప్పటికే పెద్ద పదవులలో నున్నవారి శిక్షణకు ఏర్పడినది. 1961లో కలకత్తా, అహమ్మదాబాదులలో నిర్వహణ విద్యాసంస్థలు వెలసినవి. పాఠశాలల సంగతి వేరు. 1952లో నియమింపబడిన డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియార్ సంఘము మరుసటి యేట నివేదికనిచ్చుచు ఉన్నత పాఠశాలలకు ఏడు పాఠ్యవర్గములను సూచించెను. అందు వాణిజ్యవర్గమొకటి. దానిలోని విషయములు వాణిజ్య పద్ధతులు, పద్దుల లెక్కలు, వాణిజ్య భూగోళము లేక ఆర్థిక పౌరశాస్త్రములు, షార్టుహాండు టైపురైటింగు. పట్టికను చదివినంతనే గుమాస్తా రూపము కన్నులయెదుట నిలుచును. బహుళార్థసాధక పాఠశాలలు కొంతకాలము నడచి సన్నగిల్లినవి.

కొఠారీ సంఘము 1966లో వృత్తివిద్యకు పెద్దపీట వేసి, 1986 నాటికి పదవ తరగతి పైబడిన విద్యార్థులలో సగము మంది ఆ మార్గమున నడువవలెనని ఆశించెను. తీరా 1986 వచ్చునప్పటికి కొత్త విద్యావిధానము 1990కి నూటికి 10, 1995కి నూటికి 25 అని లక్ష్యమును తగ్గించుకొనవలసివచ్చెను. ఆంధ్రప్రదేశమున 1969లో రెండేండ్ల ఇంటర్మీడియెటు వచ్చెను. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పాఠ్యగ్రంథములను తెలుగున ప్రకటించుటతో పల్లెటూరి విద్యార్థికి వాణిజ్యశాస్త్రము సొంతభాషలో అందినది. ఇది చిన్న మేలు కాదు.

ఇక అమెరికాలో మరియొక త్రోవ త్రొక్కిరి. 1919లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి స్ప్రింగ్‌ఫీల్డు నగరమున కాగితపు పరిశ్రమాధిపతి హొరేస్ మోజెస్, టెలిఫోను సంస్థాధిపతి థియొడోర్ వేయిల్, రాజకీయనాయకుడు మర్రే క్రేన్ కలిసి జూనియర్ అచీవ్‌మెంట్ అను సంస్థను నెలకొల్పిరి. అందు పిల్లలకు ఉపన్యాసములు తక్కువ. క్రమముగా ఉన్నత పాఠశాల విద్యార్థులు దీనిలో ప్రధానులైరి. వారు తామే చిన్న కంపెనీగా ఏర్పడి, వాటాలమ్మి మూలధనము కూర్చుకొని, ఏదో ఒక వస్తువును చేసి అమ్మి, సంవత్సరాంతమున లెక్క తేల్చి వాటాదార్లకు పంచి, కంపెనీని మూసివేయుదురు. నష్టము వచ్చినను అది పాఠమే. దీని వెనుకనున్నవారు పెద్ద వ్యాపారులగుటచే వ్యాపారస్తుతి కొంత ఎక్కువైనదని అనవచ్చును. కాని పద్ధతిలోని సారము వేరు. బళ్లారి పిల్లవాడు ఒడంబడికను వ్రాసి నేర్చినట్లే వీరు కంపెనీని నడిపి నేర్చుచున్నారు.

21వ శతాబ్దమున జాతీయ విద్యాపరిశోధన శిక్షణ మండలి పండ్రెండవ తరగతి వ్యాపార అధ్యయన పుస్తకములో ఒక భాగమును పూర్తిగా నిర్వహణకే కేటాయించెను. ఫేయోల్ 14 సూత్రములు అందు చేరినవి. ఒక శతాబ్దమునకు దగ్గరగా ఆయన కోరిక నెరవేరినదనవచ్చును. కాని ఆ 14 సూత్రములను ఆద్యక్షరములతో గుర్తుపెట్టుకొని వరుస తప్పకుండ అప్పగించు విద్యార్థులు కోకొల్లలు. కాంబెల్ బళ్లారిలో విన్న చిలుకపలుకు ఇదియే. పద్యము బదులు సూత్రము వచ్చినది. పరీక్షలో మార్కులు దానికే గదా!

కేంద్రీయ పరీక్షామండలి ఈ విషయమున 80 మార్కులు వ్రాతపరీక్షకును, 20 మార్కులు ప్రాజెక్టునకును ఉంచినది. పదునొకండవ తరగతి ప్రాజెక్టులో చేతిపనుల కేంద్రమునకో, టోకు అంగడికో పోయి చూచి వ్రాయుట ఒకటి. చూచి వ్రాయుటకు బదులు నిరుటి విద్యార్థి వ్రాసినదానిని చూచి వ్రాయుటయు లోకములో లేకపోలేదు. నిజముగా అంగడికి పోయిన పిల్లకు మాత్రము అచ్చట అడుగుటకు ఎన్నియో ప్రశ్నలు దొరకును. యజమాని ఊరిలో లేనినాడు సరకు విడుదలచేయుటకు ఎవరి సంతకము చెల్లును అని ఆమె గుమాస్తాను అడిగినచో, కొమాంత్రీ గనిలో ఫేయోల్‌కు ఎదురైన ప్రశ్నయే అచ్చటను ఎదురగును.