ఉద్దానం కొబ్బరి - కొమ్ముపురుగు: తుఫాను చరిత్రలో ఒక విస్మృత అధ్యాయం

వ్యాససంగ్రహం: తుఫానును ఒక్క తేదీకి పరిమితం చేసి చదివే పద్ధతి కొబ్బరిసీమ చరిత్రకు చాలదు. కూలిన మానుకూ నిలిచిన చెట్టుకూ నడుమ కొమ్ముపురుగు కల్పించే సంబంధాన్ని చరిత్రాధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉద్దానం, కవిటి, కొబ్బరి, కొమ్ముపురుగు, తిత్లీ.

1. ఉపోద్ఘాతం

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతాల తీరసీమకు ‘ఉద్దానం’ అని వ్యవహారం. ఇది ‘ఉద్యాన’ శబ్దభవమని జనవ్యుత్పత్తి. ‘విద్య’ ‘విద్దె’ అయిన తీరును బట్టి ఈ వ్యుత్పత్తి ధ్వనిరీత్యా అసంగతం కాదు. పేరులోనే తోటను నిలుపుకున్న ఈ సీమలో తోట చరిత్రే ఊరి చరిత్ర.

2. పురుగు - ఆతిథేయ వృక్షం

లిన్నేయస్ 1758లో వర్ణించిన ఈ పెంకుపురుగు నేటి శాస్త్రనామం ‘ఒరిక్టిస్ రైనోసెరస్’. ఇది పత్రభక్షక పెంకుపురుగుల కుటుంబానికి చెందదు, పేడపురుగుల కుటుంబంలోనిది. అయినా దీని గాయం ఆకుమీదనే కనబడుతుంది. ఎదిగిన పురుగు మొవ్వులోకి తొలుచుకుపోయి విచ్చని లేతాకులను కొరుకుతుంది. ఆ ఆకు విచ్చుకున్నాక కత్తెరతో కోసినట్లు కనిపిస్తుంది. కొబ్బరికి ఎదుగుదల మొన ఒక్కటే గనుక మొవ్వు చెడితే చెట్టే పోతుంది. ఆ గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు కూడా చేరుతుంది.

పిల్లపురుగు మాత్రం పచ్చని చెట్టు జోలికి పోదు. అది పెంటకుప్పల్లోనూ కుళ్లిన మానుల్లోనూ పెరుగుతుంది. అంటే ఒకే వృక్షం చచ్చి పురుగుకు ఉయ్యాల అవుతుంది, బతికి ఆహారమవుతుంది.

3. తిత్లీ అనంతర కాలం

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున, గంటకు 140-150 కిలోమీటర్ల గాలులతో తిత్లీ పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరితోటలు పెద్దఎత్తున నేలకూలాయి. పడిన చెట్టు పరిహారపు లెక్కకెక్కుతుంది. ఆ మాను కుళ్లి, అందులో పెరిగిన పురుగు కొన్ని నెలలకు పక్కతోట మొవ్వును తొలిస్తే ఆ నష్టం ఏ తుఫాను ఖాతాలోకీ రాదు. పొడవురకం మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. తిరిగి నాటిన లేతమొక్కలకు ఈ పురుగు బెడద మరింత ప్రమాదకరం.

4. రెండు పోలికలు

పసిఫిక్‌లోని గువాం దీవిలో ఈ పురుగును 2007లో గుర్తించారు. 2015 మేలో డాల్ఫిన్ తుఫాను కూల్చిన చెట్లలో అది విపరీతంగా వృద్ధి చెందింది. అక్కడ అది కొత్తగా వచ్చినది, ఇక్కడ చిరపరిచితం. కానీ తుఫాను తరువాతి క్రమం ఒక్కటే.

రెండవది చట్టసంబంధమైనది. 1936కు పూర్వం ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో ఉండేది. మద్రాసు ప్రభుత్వం 1919లోనే వ్యవసాయ పురుగులు, తెగుళ్లపై చట్టం చేసి, ప్రకటిత ప్రాంతాల్లో నివారణ చర్యలను భూమి అనుభవదారుల బాధ్యతగా చేసింది. పురుగు గట్టు దాటి వస్తుందన్న గుర్తింపు ఆ చట్టానికి మూలం.

5. ముగింపు

మాను తొలగించడం ఖర్చుతో కూడిన పని. చెట్లన్నీ కోల్పోయిన రైతుకే ఆ భారం వదిలేస్తే, చెట్లు మిగిలిన రైతు కూడా నష్టపోతాడు. కనుక ఉద్దానం తుఫాను చరిత్రను రాసేవారు కూలిన చెట్ల సంఖ్యతో ఆగక, తరువాతి కొన్నేళ్ల మొవ్వుల స్థితినీ రైతుల జ్ఞాపకాలనూ నమోదు చేయాలి. కత్తిరించినట్లున్న ప్రతి మట్టా అందుకు ఒక ఆధారపత్రమే.