అక్రోటు కాయ చప్పుడు: ఇంద్రియాల ఆటలకు ఒక చరిత్ర

భిలాయ్ పేరు మీరు భూగోళ పాఠంలో చదివే ఉంటారు. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం వల్ల అక్కడ ఉక్కు కర్మాగారం వెలసింది. 1959 ఫిబ్రవరిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమయింది. విజయనగరం నుంచి రాయపూర్‌కు 1931 నాటికే రైలు నడిచింది కనుక, ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వెళ్ళినవారికి భిలాయ్ మరీ పరాయి దిక్కు కాలేదు. అలా వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఈనాటికీ ఉన్నాయి.

భిలాయ్‌లోనే సుపేలాను ఆనుకొని కోహ్కా అనే పేట ఉంది. అక్కడ రెండు గదుల ఇంట్లో కాపురముంటున్న ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి. మే నెల మధ్యాహ్నం. బయట ఎండ 40 డిగ్రీలు దాటింది. తలుపులు మూసి ఉన్నాయి. లోపల కూలర్ హోరు, టీవీ, మిక్సీ, కుక్కర్ కూత. అయిదేళ్ళ పిల్లవాడు రెండు చెవులూ మూసుకొని మంచం కిందికి దూరాడు. అక్కడ ఒంటరిగా గిన్నెమూత ఒకటి గిరగిర తిప్పుకుంటున్నాడు. తాతగారు మొండివాడంటారు. పక్కింటావిడ దిష్టి తీయించమంటుంది. బడివాళ్ళు మాత్రం "వీడు మా వల్ల కాదు" అని తిప్పి పంపేశారు. ఈ పిల్లవాడు ఆ ఇంట్లో ఏ ఆట ఆడుకోగలడు? ఈ ప్రశ్నకు జవాబు వెతికినవారి చరిత్ర రెండు వందల ఏళ్ళకు పైబడినది.

ముందుగా కొంచెం విజ్ఞానశాస్త్రం. జ్ఞానేంద్రియాలు అయిదని మనం చిన్నప్పుడే వల్లె వేశాం. శరీరశాస్త్రం వాటికి మరికొన్ని జోడిస్తుంది. వాటిలో రెండు మనకిక్కడ ముఖ్యం. ఒకటి, లోపలి చెవిలో ఉండి తల వంపునూ, కదలికనూ పసిగట్టే సమతాస్థితి జ్ఞానం. దీనిమీద చేసిన పరిశోధనకే రాబర్ట్ బరానీకి 1914 నోబెల్ బహుమతి లభించింది. రెండవది, కళ్ళు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో చెప్పే కండరాల, కీళ్ళ జ్ఞానం. దీనికి 1906లో చార్లెస్ షెరింగ్టన్ పేరు పెట్టాడు. ఊయల ఊగితే మొదటిదానికి పని. బరువైన బిందె మోస్తే రెండవదానికి పని. ఇన్ని దారుల నుంచి వచ్చే వార్తలను మెదడు ప్రతి క్షణమూ వడబోస్తూ ఉంటుంది. ఆ వడపోత అందరిలోనూ ఒకే తీరుగా ఉండదు.

ఇప్పుడు పారిస్‌కు వెళదాం. 1800లో, ఫ్రాన్సులోని అవేరోన్ అడవుల్లో దొరికిన ఒక బాలుణ్ణి అక్కడి బధిరుల పాఠశాలకు తెచ్చారు. పదకొండు, పన్నెండేళ్ళ వయస్సు ఉండవచ్చు. మాట లేదు. పెద్ద వైద్యులు చూసి, ఇతడు బాగుపడడని తేల్చేశారు. ఝాన్ ఇటార్ అనే యువ వైద్యుడు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు. ఆయన గమనించిన ఒక విషయాన్ని మీరు గుర్తుంచుకోవాలి. ఆ బాలుడి వెనుక పిస్తోలు పేల్చినా అతడు పెద్దగా చలించలేదు. అయితే అతనికి ఇష్టమైన అక్రోటు కాయను ఎవరైనా చిటుక్కున పగలగొడితే వెంటనే తల తిప్పేవాడు! చెవి పనిచేస్తోంది, కానీ ఏది వినాలో ఆ చెవి తనకు తానే ఎంచుకొంటోంది.

ఇటార్ గిన్నెలు బోర్లించి, ఒకదాని కింద తినే కాయ దాచి, వాటి చోట్లు మార్చి, ఎక్కడుందో వెతికించేవాడు. మన ఇళ్ళలో పిల్లలు ఆడే ఆటే. విక్టర్ అని పేరు పెట్టిన ఆ బాలుడు చివరివరకూ సరిగ్గా మాట్లాడటం నేర్చుకోలేదు. కొన్నేళ్ళకు ఇటార్ తన ప్రయత్నం విరమించాడు. విక్టర్‌ను మేడమ్ గెరాన్ అనే గృహిణి సాకింది. అతడు 1828లో మరణించాడు. చరిత్ర పుస్తకాలు ఇటార్‌ను పొగిడినంతగా ఆమెను పొగడకపోవడం నాకు న్యాయంగా తోచదు.

ఇటార్ శిష్యుడు ఎడ్వర్డ్ సెగ్యాఁ ఈ పనిని ఒక పద్ధతిలో పెట్టాడు. గుండ్రం, చదరం, త్రిభుజం ఆకారాల్లో గుంటలు తొలిచిన పలక, వాటిలో సరిగ్గా ఇమిడే చెక్కముక్కలు ఆయన బోధనలోవే. ఈనాడు బొమ్మల దుకాణంలో కనిపించే ఆ పలక బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం పుట్టిందని కొనేవారిలో ఎందరికి తెలుసు?

వీరిద్దరి పుస్తకాలనూ మరియా మాంటిస్సోరి రోమ్ నగరంలో శ్రద్ధగా చదివింది. తన చేతితో ఇటాలియన్‌లోకి రాసుకొంది. 1900 ప్రాంతంలో ఆమె బోధించిన పిల్లలు, బడులు కాదన్న పిల్లలే. 1907 జనవరి 6న పేదలవాడలో బాలల గృహం తెరిచాక అవే సాధనాలు మామూలు పిల్లల చేతికి వచ్చాయి: గరుకు పలకలు, నునుపు పలకలు, ఊపితే చప్పుడు చేసే డబ్బాలు, కళ్ళకు గంతలు కట్టుకొని గుడ్డలను తాకి పోల్చే ఆట, అందరూ కదలకుండా కూర్చొని నిశ్శబ్దాన్ని వినే ఆట. 1939 చివర ఆమె మద్రాసులోని అడయారుకు వచ్చింది. యుద్ధం వల్ల 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయి, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చింది. ఆనాడు శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు ఉన్న కోస్తా అంతా ఆ మద్రాసు రాష్ట్రంలోదే.

ఇక్కడ ఒక వింత జరిగింది. వెనుకబడ్డారన్న పిల్లల కోసం కల్పించిన సాధనాలు ఖరీదైన బడులకు అలంకారమయ్యాయి. ఆ పిల్లలు మాత్రం ఎప్పటిలాగే గేటు బయట ఉండిపోయారు.

1943లో అమెరికాలో లియో కానర్ అనే వైద్యుడు పదకొండుమంది పిల్లలను వర్ణిస్తూ ఆటిజమ్ మీద ప్రసిద్ధమైన వ్యాసం రాశాడు. పెద్ద చప్పుళ్ళకు ఆ పిల్లలు హడలిపోయేవారట. కానీ అదే పిల్లవాడు తానుగా అంతకు మించిన చప్పుడు చేసి సంతోషించేవాడట! ఈ రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి చూడండి. బాధ చప్పుడులో లేదు, అది చెప్పకుండా వచ్చి మీద పడటంలో ఉంది అని కానర్ గ్రహించాడు. ఇటార్ చూసిన అక్రోటు కాయకు ఇది దూరపు చుట్టమే. అయినా ఇంద్రియ స్పందనల్లోని తేడా అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథంలో ఆటిజమ్ లక్షణాల జాబితాకెక్కడానికి 2013 దాకా పట్టింది.

ఈలోగా జీన్ ఏరెస్ అనే అమెరికన్ చికిత్సకురాలు 1972లో ఇంద్రియ సమన్వయం గురించి పుస్తకం ప్రచురించింది. ఊయలలు, దొర్లే బల్లలు, గరుకు బట్టలు చికిత్స గదుల్లోకి వచ్చాయి. అదే దశకంలో నెదర్లాండ్స్‌లో హుల్సెగ్గె, ఫెర్‌హూల్ అనే ఇద్దరు మసక వెలుతురు, మెత్తని పరుపులు, మెల్లని సంగీతం ఉన్న గదులు ఏర్పాటు చేసి, వాటిని చికిత్స అనకుండా విశ్రాంతి అన్నారు. లోపలికి వచ్చినవారికి ఇష్టమైనది వారే ఎంచుకోవాలి. తరువాతి కాలంలో ఇదంతా వ్యాపారమైంది. బుడగల గొట్టాలు, రంగుల దీపాలు లక్షలకు అమ్ముడవుతున్నాయి. వాటి ఫలితాలపై పరిశోధకులకు ఏకాభిప్రాయం లేదు. ఉదాహరణకు, బరువు దుప్పట్లు కప్పితే ఆటిజమ్ పిల్లలు బాగా నిద్రపోతారని ప్రచారం ఉంది. 2014లో ప్రచురితమైన ఒక బ్రిటిష్ పరీక్షలో నిద్ర ఏమీ పెరగలేదు. కానీ పిల్లలకూ, తల్లిదండ్రులకూ మామూలు దుప్పటికన్నా అదే నచ్చింది. ఈ రెండూ నిజాలే.

మన దేశంలో సికింద్రాబాదులో 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థ ఏర్పడింది. కానీ 1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజమ్ మాటే లేదు. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టం దానిని పేర్కొంది. 2016 చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో అది చేరింది. కోహ్కా పిల్లవాణ్ణి ఇప్పుడు ఏ బడి అయినా తిప్పి పంపితే, అడగడానికి వాళ్ళ అమ్మ చేతిలో చట్టం ఉంది.

మరి ఇంట్లో ఆట మాటేమిటి? వామనగుంటల పీటను ఒకసారి పరీక్షగా చూడండి. రెండు వరుసలు, వరుసకు ఏడు గుంటలు. నునుపైన చింతపిక్కలు. ఒక్కొక్కటిగా వరుసగా వేసుకుంటూ పోవాలి. టిక్, టిక్ మనే ఆ చప్పుడు ఆడేవాడి చేతినుంచే వస్తుంది. ఎప్పుడు వస్తుందో అతనికి ముందే తెలుసు. ఎదుటివాడి ముఖంలోకి చూడనక్కరలేదు, మాట్లాడనూ అక్కరలేదు. అయినా ఇద్దరూ కలిసి ఆడుతున్నట్టే. మన పెద్దలు ఈ ఆటను ఆటిజమ్ కోసం కనిపెట్టారని నేననను, అది అబద్ధమవుతుంది. ఎండలో బయటికి వెళ్ళలేని మధ్యాహ్నాలు ఈ ఆటతో గడిచాయి, అంతే. అయితే కానర్ రాసిన రెండు మాటలూ తెలిసినవారికి ఈ పీట కొత్తగా కనిపిస్తుంది.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రను తరిణె పట్టి, లక్క పూసి చేసే బొంగరాలూ అటువంటివే. నున్నగా ఉంటాయి, శబ్దం తక్కువ. పిల్లవాడు గిన్నెమూత తిప్పుతున్నాడంటే బొంగరానికి సిద్ధంగా ఉన్నాడన్నమాట.

ఇప్పుడు ఆ ఇంటికే తిరిగి వెళదాం. మిక్సీ వేసే ముందు "వేస్తున్నాను" అని చెప్పి, వీలైతే మీట వాడిచేతనే నొక్కించండి. టీవీ కట్టేయండి. మంచానికి అడ్డంగా పాత చీర ఒకటి వేలాడదీస్తే, వాడు దూరిన చోటే వాడి గది అవుతుంది. పళ్ళెంలో బియ్యం పోసి, అందులో గవ్వలు దాచి వెతకనివ్వండి. వస్తువులు నోట పెట్టుకొనే పిల్లలైతే పిక్కలూ, గవ్వలూ వద్దు, చపాతీ పిండి ముద్ద చాలు. నీళ్ళ చెంబును ఒక గదినుంచి మరో గదికి మోయించడం కూడా కండరాలకు ఆటే. తాకనంటే తాకించవద్దు. ఆట మధ్యలో లేచి వెళ్ళిపోతే వెనక్కి పిలవకండి. పీటనూ, పిక్కలనూ తీసి సర్దేయకుండా అక్కడే ఉంచండి.