ఇంజను తలకట్టు

1908 నాటి మూసీ వఱద పిదప 1920లో ఉస్మానుసాగరము, 1927లో హిమాయతుసాగరము పూర్తియైనవి. అవి నగరమును కాచుటకును, దాని దాహము తీర్చుటకును కట్టినవి. చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతమున మా మడులకు బావియే దిక్కు. ఆ బావులపై మోట పోయి ఆయిలు ఇంజను వచ్చెను. దాని తలను, అనగా హెడ్డును, పట్టియుంచు బోల్టుల కథ వినినవారరుదు. అక్షరమునకు తలకట్టెట్టిదో ఇంజనుకు అవి యట్టివి. బడిపంతులు ఉపమానము, మన్నింపుడు.

ఇంగ్లండునందలి డర్స్లీ పట్టణపు లిస్టరు ఇంజను మన దేశమున మిక్కిలి ప్రసిద్ధము. దానిని పోలినవే పిదప రాజకోటలో తయారైనవి. ఆరు గుర్రముల శక్తి గల ఆ ఇంజను నిమిషమునకు 650 చుట్లు తిరుగును. రెండు చుట్లకొకమారు లోపల నూనె మండి, నిమిషమునకు 325 మార్లు హెడ్డును పైకి దన్నును. పానతో బిగించినపుడు బోల్టు కంటికి కానరానంత సాగి, మరల ముడుచుకొనజూచును. కాల్చి తొడిగిన ఇనుపపట్టా చల్లారి బండిచక్రమును బిగబట్టునట్లు, ఆ లాగుడే హెడ్డును అదిమిపట్టును. మితిమీరి సాగిన బోల్టునకు ఆ బిగి యుండదు. గ్యాస్కెట్టు కాలును, నీరు సిలిండరులోనికి దిగును.

మా గ్రామమున ఒక రైతు, వరి పొట్టమీదనుండగా, విరిగిన బోల్టునకు బదులు బజారున దొరకినదానిని వేయించెను. అది రెండు మూడు చుట్లు చక్కగనే దిగి బిగిసెను. బలిమిని త్రిప్పగా ఇంజను ఒడలిలోని మరచుట్లు, మన మెకానిక్కులు చూడీలనునవి, చెడెను. మరమ్మతు ముగియునప్పటికి మడి నెఱ్ఱెలు వాఱుట నేను కన్నులార చూచితిని.

దోషము రైతుది గాదు. పూర్వము ఇంగ్లండున ఏ కార్ఖానా చూడీ దానిదే. 1841లో జోసెఫ్ విట్వర్తు 55 డిగ్రీల కోణముతో అందఱకును ఒక కొలతను ప్రతిపాదించెను. 1864లో అమెరికాలో విలియం సెల్లర్సు 60 డిగ్రీలు మేలనెను. అర అంగుళపు బోల్టునకు ఇంగ్లండున అంగుళమునకు 12 చుట్లు, అమెరికాలో 13! ఇట్టి భేదములు రెండవ ప్రపంచయుద్ధమున మిత్రరాజ్యములనే చిక్కులబెట్టెను. 1948లో ఇంగ్లండు, అమెరికా, కెనడాలు 60 డిగ్రీలకు ఒడంబడినవి. మనము 1956 చట్టముతో మీటరు కొలతలకు మరలితిమి. పాత ఇంగ్లీషు ఇంజనులలో మాత్రము అంగుళపు చూడీలే నిలిచినవి. కావున పాత బోల్టును వెంటగొని పోయియే క్రొత్తది తేవలెను.

నేడు బావులపై విద్యుత్తు మోటార్లు వచ్చినను, ట్రాక్టరు హెడ్డు ఇట్టి బోల్టులతోనే నిలుచును. ఇంజను చల్లారిన పిదప వానినూడదీసి, త్రుప్పు దులిపి, క్రొత్తదాని ప్రక్కన నిలిపి చూడుడు. నడుము సన్నగిల్లినను, పొడవు పెరిగినను, నట్టు చేతివ్రేళ్లతో తుదివఱకు నడవకున్నను అది పనికిరాదు. ఒకటి చెడినచో అన్నిటిని మార్చుట మేలు. బోల్టు దిగు గుంటలో నీరుగాని నూనెగాని నిలువరాదు. పోవ దారిలేక అది ఇనుమునే పగులగొట్టును. బిగించునపుడు నడుమ మొదలిడి, ఎదురెదురుగ, మూడు విడతలలో తయారుదారు చెప్పిన కొలతకు తేవలెను. అతడు చెప్పియున్నచో, ఇంజను కొంత నడచి చల్లారిన పిదప మరల ఒకమారు పాన వేయవలెను.