తెలుగు సంగీత పరిశ్రమ మౌఖిక చరిత్ర

తెలుగు సంగీత రంగంలో పనిచేసినవారి అనుభవాలను వారి గొంతులోనే రికార్డు చేసి భద్రపరచే ప్రక్రియ ఇది. గాయకులు, స్వరకర్తలతోపాటు వాద్యకారులు, రికార్డింగు ఇంజనీర్లు, వాద్యాలు తయారుచేసేవారు, డిస్కుల వర్తకులు కూడా దీని పరిధిలోకి వస్తారు. 

తొలి దశ

వాగ్గేయకారుల కాలం నుంచి పందొమ్మిదో శతాబ్ది చివరివరకు సంగీతకారుల జీవిత విశేషాలు ఎక్కువగా శిష్యపరంపర చెప్పుకున్న కథలుగానే నిలిచాయి. 1902లో కలకత్తాలో గాయని గౌహర్ జాన్ పాట డిస్కుకెక్కింది. ఆ తరువాత తెలుగు రంగస్థల పద్యాలు కూడా గ్రామఫోను డిస్కులపై వెలువడ్డాయి. మైలవరం నాటక సమాజంతో పేరు పొందిన కపిలవాయి రామనాథశాస్త్రి పద్యాలు ఈ కోవలోవే. డిస్కుకు ఒక్కోవైపు సుమారు మూడు నిమిషాలు పట్టేది. అందులో పాట మిగిలింది గానీ, హార్మోనియం వాయించిందెవరు, పారితోషికమెంత వంటి వివరాలకు చోటు లేకపోయింది.

రేడియో కాలం

మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రసారాలు ప్రారంభించాయి. విజయవాడలో మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు వంటి విద్వాంసులు పనిచేశారు. అక్కడి భక్తిరంజని కార్యక్రమం మామిడి తోటల మధ్య ఊళ్లలో కూడా తెల్లవారుజామున వినిపించేది. ఆ కేంద్రంతో గాఢమైన అనుబంధమున్న బాలాంత్రపు రజనీకాంతరావు (1920–2018) స్వయంగా స్వరకర్త, చరిత్రకారుడు. ఆయన రాసిన విలువైన గ్రంథం ‘ఆంధ్ర వాగ్గేయకార చరిత్రము’కు 1961లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.

1957 అక్టోబరు 3న మొదలైన వివిధభారతి ఈ ప్రక్రియకు మరో రూపమిచ్చింది. ప్రత్యేక జనరంజని కార్యక్రమంలో సినిమా కళాకారులు నచ్చిన పాటలు వినిపిస్తూ, వాటి వెనుక సంగతులు చెప్పేవారు. శ్రోతల వినోదం కోసం చేసిన ఈ కార్యక్రమాలే నేడు పరిశోధకులకు ఆకరాలు.

టెలివిజన్, అంతర్జాలం

1996లో ఈటీవీలో ఆరంభమైన ‘పాడుతా తీయగా’లో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం పోటీదారుల పాటలపై వ్యాఖ్యానిస్తూ మద్రాసు రికార్డింగు థియేటర్ల ముచ్చట్లు చెప్పేవారు. 1998లో మొదలైన ‘ఈమాట’ అంతర్జాల పత్రిక, పరుచూరి శ్రీనివాస్ వంటి సేకర్తల కృషితో, పాత రేడియో ప్రసంగాలను, ఇంటర్వ్యూలను మళ్లీ వినే వీలు కల్పించింది. చెప్పినవారి జ్ఞాపకం తేదీల దగ్గర తడబడినప్పుడు సరిచూడటానికి డిస్కుల లేబుళ్లే దిక్కు. వి.ఎ.కె.రంగారావు వేలాది డిస్కుల సేకరణకు ఉన్న ప్రాముఖ్యం ఇక్కడే తెలుస్తుంది.

పరిధి

తెలుగులో రికార్డయిన సంభాషణల్లో అధిక భాగం గాయకులవి, స్వరకర్తలవి. అమెరికాలో సంగీత వాద్యాల వర్తక సంఘం ‘నామ్’ 2000 నుంచి వాద్య నిర్మాతలను, దుకాణదారులను కూడా పలకరిస్తూ వేలాది ఇంటర్వ్యూలు చేసింది. ఆ కొలతన చూస్తే, పనసకర్రతో వీణలు చేసే నూజివీడు కుటుంబాలు, పెళ్లిళ్లకు డిస్కులు మోసుకెళ్లిన మైకు సెట్లవారు కూడా పరిశ్రమ చరిత్రకారులే. కర్ర ఎక్కడ కొన్నారు, వీణకు ఎంత పుచ్చుకున్నారు, పందిట్లో జనం ఏ పాట మళ్లీ వేయమన్నారు అన్న ప్రశ్నలకు జవాబులు వీరివద్దే దొరుకుతాయి.